ముందు పెద్దావిడకి

పెళ్లయిన మూడో రోజు పొద్దున్నే మా అత్తగారు మంగతాయారు గారు నన్ను హాల్లోకి పిలిచి గోడకున్న ఫొటో ముందు నిలబెట్టారు. ఫొటోలో ఉన్నది శ్రీలక్ష్మి, మా ఆయన రఘురామ్ గారి మొదటి భార్య. పోయి అప్పటికి ఏడాదీ రెండు నెలలు.

"చూడమ్మాయ్, ఈ ఇంట్లో నీకు ఆంక్షలేం లేవు. ఉద్యోగం మానక్కర్లేదు. తెల్లారకుండా లేచి ముగ్గు పెట్టకపోయినా నేనేం అనను. ఒక్కటి మాత్రం మర్చిపోకు. ముత్తయిదువగా వెళ్లిపోయిన మనిషి. ఇంట్లో ఏ తీపి చేసినా ముందు పెద్దావిడకి పెట్టాకే ఎవరైనా నోట్లో వేసుకోవాలి," అన్నారు.

పెద్దావిడంటే ముప్పై నాలుగేళ్లకే కళ్లు మూసిన మనిషి. నాకు ముప్పై తొమ్మిది నిండాయి. అయినా వరసకి ఆవిడే పెద్ద, నేను చిన్న. అలాగేనండీ అన్నాను. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పదహారేళ్లుగా గుమాస్తాని. పద్ధతి ఇదీ అని ఎవరైనా ముందే చెబితే నాకు హాయి. తర్వాత మాట పడక్కర్లేదు.

మేమలా మాట్లాడుకుంటుంటే వంటింటి గుమ్మంలో ఉమాశ్రీ నిలబడి వింటోంది. శ్రీలక్ష్మి కూతురు, తొమ్మిదేళ్లు. నేను అటు చూడగానే పక్కకి తప్పుకుంది. ఆ ఎండాకాలం మొదటి సగమంతా నేను ఆ పిల్లని అలా తప్పుకుంటూ ఉండగానే చూశాను.

మా పెళ్లి ఏప్రిల్ మొదటి వారంలో మొవ్వ గుళ్లో జరిగింది. ఇరవై మంది వచ్చారేమో. శ్రీలక్ష్మి తల్లి భ్రమరాంబ గారు కూడా అవనిగడ్డ నుంచి వచ్చారు. రాకపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. వచ్చి, అక్షింతలు వేసి, నాకు చీర పెట్టి, భోజనాలయ్యాక పక్కకి పిలిచారు.

"నీ మీద నాకు కోపం లేదమ్మా. ఎన్నాళ్లు ఇలా ఒంటరిగా ఉంటావని అల్లుడికి నేనే చెప్పాను. పిల్ల సంగతి మాత్రం వేరు. వేసవి సెలవులయ్యేదాకా చూస్తాను. అది తిని, నవ్వుతూ తిరుగుతుంటే నీ దగ్గరే ఉంటుంది. చిక్కి సగమైతే జూన్‌లో తీసుకెళ్లిపోయి మా ఊళ్లో బళ్లో వేస్తాను. తర్వాత నన్ను అనకూడదు."

"ఆయనతో చెప్పారాండీ?"

"చెప్పాను. తలూపాడు."

మా ఆయన అందరికీ తలూపుతారు. కోర్టులో గుమాస్తా, మంచి మనిషి. ఎదురుగా ఎవరుంటే వాళ్లు చెప్పిందే ఆయనకి సబబుగా తోస్తుంది. ఈ విషయంలో ఆయన్ని నమ్ముకుని లాభం లేదని నాకు వారంలోపే తెలిసింది.

నిజం చెప్పాలి. పెళ్లికి ఒప్పుకున్నప్పుడు నేను పిల్ల గురించి పెద్దగా ఆలోచించలేదు. అన్నయ్య ఇంట్లో ముందుగదిలో మంచం వేసుకుని బతకడం విసుగొచ్చి ఒప్పుకున్నాను. పిల్ల ఉంటే ఉంటుంది, అమ్మమ్మ తీసుకెళ్తే వెళ్తుంది అనుకున్నాను. కానీ జడ వేస్తానంటే దువ్వెన వెనక్కి దాచుకుని, "నానమ్మ వేస్తుందిలెండి," అంటూ సొంత ఇంట్లో నన్ను 'అండీ' అని పిలిచే పిల్లని పది రోజులు చూసేసరికి నాకు ఉక్రోషం వచ్చింది. ఏం, నేనేమన్నా కరుస్తానా?

"దానికేమిష్టం?" అని మా ఆయన్నడిగాను.

"తీపి. తీపంటే పడి చస్తుంది. వాళ్లమ్మ వారానికోటి చేసేది."

"నేనొచ్చాక ఒక్కరోజూ తినగా చూళ్లేదే?"

"ఏడాదిపాటు ఇంట్లో మూకుడు పెట్టలేదుగా. ఎవరూ ఏం చేసుకోలేదు. నీకు చేయడం వచ్చా?"

రాదు. పాకం అంటే కాఫీలో పంచదార కరగడం అనుకునే రకాన్ని నేను.

"బందర్లో ఉంటూ ఇంట్లో ఎందుకు అవస్థ? సాయంత్రం వస్తూ పావుకిలో లడ్లు తెస్తాలే," అన్నారు.

"అక్కర్లేదు. చేస్తాను," అన్నాను. నాకు ఒకసారి పట్టుదల వచ్చిందంటే వదలదు. అది మంచి గుణమని నేనెప్పుడూ అనుకోలేదు.

మొదట సున్నుండలు. ఫోన్లో వీడియో ఒక పక్క, ముక్కాలిపీట మీద అత్తగారు ఇంకో పక్క. వీడియోలో ఆవిడ ఒకటి చెబుతుంది, ఈవిడ ఇంకోటి చెబుతారు.

"మంట తగ్గించవే అమ్మాయ్, మాడుతోంది. మినప్పప్పు కమ్మటి వాసన రావాలి."

"ఈ వీడియోలో ఆవిడ ఇంకా ఎర్రబడాలంటోందండీ."

"ఆవిడ వచ్చి తింటుందా ఏం? దింపు."

నెయ్యి కాచి పోశాక చెయ్యి కాలిపోతోంటే ఊదుకుంటూ నిలబడ్డాను. "వేడి మీదే ఉండ కట్టాలి. ఆరిందంటే పొడి పొడే. సుకుమారం పోకు," అన్నారు అత్తగారు. ఇరవై రెండు వచ్చాయి. నాలుగైదు ఒక పక్కకి ఒరిగాయి గానీ, మొదటిసారికి ఫరవాలేదు.

"రెండు తీసి గిన్నెలో వేసి అక్కడ పెట్టిరా," అన్నారు ఫొటో వైపు చూపించి.

"రెండెందుకండీ, అన్నీ పెడతాను," అన్నాను.

"రెండు చాలమ్మా."

"రెండు ఆవిడకి, మిగతావి మనకి అని విడదీస్తే బాగుండదు అత్తయ్యగారూ."

పళ్లెం పళ్లెంగా తీసుకెళ్లి ఫొటో కింద బల్ల మీద పెట్టాను. అది భక్తి కాదు. రేపెవరైనా వచ్చి సవతికి మొక్కుబడిగా రెండు విదిల్చింది అనకూడదని. ఆఫీసులో కూడా అంతే నేను, ఒక కాపీ అడిగితే మూడు తీసి పెడతాను. మా అత్తగారికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "అన్నీ పెట్టింది వదినా, ఒక్కటి కూడా విడిగా తియ్యలేదు," అని చెప్పుకున్నారు.

పావుగంటాగి పళ్లెం తెచ్చి ఉమ ముందు పెట్టాను. ఉండల వైపు చూసింది. గుటక మింగింది. అది నేను స్పష్టంగా చూశాను.

"నాకొద్దండీ," అని లేచి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం రవ్వలడ్లు. పాకం ముదిరిపోయి, పళ్లెంలో వేస్తే టంగుమన్నాయి. ఆ పై వారం నువ్వుండలు. ఆ పై వారం పాలకోవా, అది కాస్త బాగానే కుదిరింది. ప్రతిసారీ పళ్లెం మొత్తం పెద్దావిడకి పెట్టడం, పావుగంటాగి తీయడం, ఉమ నాకొద్దండీ అనడం. మా ఆయన తిన్నారు, అత్తగారు తిన్నారు. మిగిలినవి పనిమనిషి లక్ష్మీకాంతమ్మ గిలకలదిండి పట్టుకెళ్లింది. వేటకి సెలవు రోజులవి. ఆమె భర్త పడవ కట్టేసుకుని ఇంట్లోనే ఉన్నాడు.

"ఆ రవ్వలడ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

"మా ఆయనవి గట్టి పళ్లే లెండమ్మగారూ," అంది.

మే నెల మధ్యలో ఉమ పది రోజులు అవనిగడ్డ వెళ్లొచ్చింది. దింపడానికి మేనమామ అనంతకృష్ణ వచ్చాడు. ఆ సాయంత్రమే భ్రమరాంబ గారి ఫోను.

"మా ఇంట్లో రోజుకి నాలుగు కజ్జికాయలు తిందమ్మా అది. బెల్లం గవ్వలు జేబులో పోసుకుని తిరిగింది. నీ దగ్గర నోరు కట్టేసుకుంటోందట. నేనేమనుకోవాలి?"

"ఏమోనండీ అమ్మమ్మగారూ, నాకూ తెలియట్లేదు."

"నువ్వు చెడ్డదానివని నేననను. పిల్ల మనసు ఒప్పుకోవట్లేదు, అంతే. బలవంతం చేసి లాభమేముంది?"

ఆ ఇంట్లో శ్రీలక్ష్మికి ఏమీ పెట్టరు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకి పెట్టాల్సింది అత్తింటివాళ్లే. అందుకే అక్కడ పిల్ల తిందని నాకప్పుడు తట్టలేదు. నా చెయ్యే ఆ పిల్లకి గిట్టలేదనుకున్నాను. ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి నా చేతులు నేనే చూసుకున్నాను. బాగా ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు లేకుండా ఏడిస్తే ఎవరైనా చూస్తారని ఒక ఉల్లిపాయ తరుక్కున్నాను.

అప్పటికి నాకు సంగతి తెలిసిపోయింది. ఆ పిల్ల ఉన్నా సరే, వెళ్లినా సరే అనుకునే రోజులు దాటిపోయాయి. ఆ పది రోజులూ అది లేని ఇంట్లో నాకు తోచలేదు. సాయంత్రం గుడివాడ రైలు దిగి ఇంటికి వస్తుంటే, తప్పుకోవడానికైనా గుమ్మంలో ఎవరూ లేరు. నాకు ఆ పిల్ల కావాలి. పన్నెండో తారీఖున బళ్లు తెరుస్తారు. అప్పటికి మూడు వారాలుంది.

రోహిణి కార్తెలో కొబ్బరి లౌజు చేశాను. కొబ్బరి తురిమి, బెల్లం వేసి, ఇనప మూకుట్లో దగ్గరపడేదాకా తిప్పి ఉండలు చుట్టాను. మామూలుగా పళ్లెం పెద్దావిడకి, మూకుడు పెరట్లో కుళాయి దగ్గరికి. మర్నాడు లక్ష్మీకాంతమ్మ వచ్చి నవ్వింది.

"అమ్మగారూ, నిన్న మూకుడు ఎవరు నాకేశారండీ? నేను తోమే పని లేకుండా చేశారు."

"పిల్లి నాకి ఉంటుంది."

"పిల్లి సెంచాతో గీకిద్దాండీ? గీతలు పడ్డాయి," అంది.

ఆ వారం సెలవు పెట్టి బుధవారం మళ్లీ లౌజు చేశాను. ఉత్త అనుమానం తీర్చుకుందామని. పళ్లెం బల్ల మీద పెట్టి, మూకుడు కుళాయి దగ్గర పడేసి, వంటింటి కిటికీ రెక్క చాటున నిలబడ్డాను. మధ్యాహ్నం రెండు. వడగాడ్పు కొడుతోంది, కరెంటు పోయింది, అత్తగారు తడిగుడ్డ మొహాన వేసుకుని నిద్రపోతున్నారు. ఉమ చప్పుడు కాకుండా పెరటి తలుపు తీసింది. జామచెట్టు నీడలో కూర్చుని, మూకుడు ఒళ్లో పెట్టుకుని, చెంచాతో అడుగంటిన బెల్లమూ కొబ్బరీ గీకి గీకి తింది. అడుగు తెల్లబడ్డాక వేలితో తుడిచి నాకింది. తర్వాత మూకుడు మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టి, మూతి కడుక్కుని వచ్చి, హోంవర్కు పుస్తకం తెరిచింది.

నా చేతి వంట గిట్టకపోవడం కాదని తెలిసింది. ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం మూకుట్లో నాలుగు ఉండలంత వదిలేశాను. ఆ పై గురువారం ఇంకో సెలవు పెట్టి చేసి, ఆరు.

"రెండు పెద్ద కాయలకి పన్నెండేనా వచ్చాయి?" అన్నారు అత్తగారు పళ్లెం చూసి.

"ముదురు కాయలండీ," అన్నాను.

ముదురు కాయలకి ఎక్కువ తురుమొస్తుందని ఆవిడకి తెలియకపోదు. నా మొహం చూసి ఊరుకున్నారు.

ఆ గురువారం నేను కిటికీ చాటున నిలబడలేదు. పెరట్లోకి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. ఉమ చెంచా గాల్లో ఆపేసింది.

"తిను. నేనేం అనను," అన్నాను. "పళ్లెంలో ఉండలున్నాయి కదే. అవి మానేసి ఈ మాడు ముక్కలెందుకు?"

కాలి బొటనవేలితో మట్టి గీసింది.

"ఇది పెట్టలేదు కదా," అంది.

"ఏం పెట్టలేదు?"

"అమ్మకి. పళ్లెంలోవన్నీ అమ్మకి పెట్టేశారు. మూకుట్లోది పెట్టలేదు."

"పెట్టాక అందరం తింటున్నాం కదా. నాన్న తింటున్నారు, నానమ్మ తింటున్నారు."

"వాళ్లు తినొచ్చు. నేను తింటే అమ్మకి అందదు."

"అలా అని ఎవరు చెప్పారు?"

"నానమ్మ. అమ్మ పోయాక మాసికం పెట్టారు చూడండి, ఆ రోజు. వెనక గదిలో పళ్లెం నిండా అప్పాలు చేసి పెట్టారు. నేనొకటి తీసుకున్నాను. నానమ్మ చేతి మీద కొట్టింది. అది అమ్మకి, నువ్వు తింటే అమ్మకి అందదు అంది." మూకుడులోకి చూస్తూ అంది. "నేను అప్పటికే కొంచెం కొరికేశాను. కొరికింది నానమ్మ చూళ్లేదు. మళ్లీ పళ్లెంలో పెట్టేశాను."

"ఊఁ."

"తర్వాత పెరట్లో కాకికి పెట్టారు. కాకి రాలేదు. అందరూ పిలిచారు. నాన్న కూడా పిలిచారు. ఎంతసేపటికీ రాలేదు. దానికి తృప్తి లేదు, ఏదో లోటు జరిగింది అని అమ్మమ్మ ఏడ్చింది. అది నేను కొరికినందుకే."

పదిహేను నెలలుగా ఆ పిల్ల ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. ఇంట్లో పళ్లెం పళ్లెం తీపి తెచ్చి ముందు పెడుతుంటే, గుటకలు మింగి లేచిపోతోంది, తల్లి కడుపు కొట్టకూడదని.

'అదేం లేదే పిచ్చిదానా' అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. వాళ్లమ్మకి అందిందో లేదో చెప్పడానికి నేనెవర్ని? సవతి చెబితే ఏం విలువ? నా మాట నమ్మకపోతే ఆ మూకుడు కూడా ముట్టదు. పైగా ఇందులో నా తెలివి కూడా ఉంది. రెండు చాలమ్మా అని అత్తగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

"రెండే పెట్టి ఉంటే?" అని అడిగాను.

"అప్పుడు మిగతావి మనవే కదా. మీరే అన్నీ పెట్టేస్తారు," అంది. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. మొదటిసారి. చెయ్యంతా జిగురు జిగురుగా ఉంది. "ఎవరికీ చెప్పొద్దు. అమ్మమ్మకి అసలు చెప్పొద్దు. ఒట్టు."

ఒట్టు అన్నాను.

శనివారం సున్నుండలు చేసి రెండే తీసి గిన్నెలో వేశాను. గిన్నె బల్ల మీద పెట్టి తిరిగానో లేదో అత్తగారు ఎదురుగా ఉన్నారు.

"అదేవిటమ్మాయ్, రెండేనా?"

"రెండు చాలని మీరే అన్నారుగా అత్తయ్యగారూ."

"అన్నాను. మొదట్లో అన్నాను. రెండు నెలలుగా పళ్లెం పళ్లెం పెట్టినదానివి, ఇప్పుడు తగ్గిస్తే ఆవిడకి ఎలా ఉంటుంది? మొదటి మోజు తీరిపోయిందనుకోదూ? పెంచితే పెంచాలి గానీ తగ్గించకూడదు." మిగతా పళ్లెం ఆవిడే తీసుకెళ్లి ఫొటో ముందు పెట్టి వచ్చారు. సున్నుండలకి గీకడానికి మూకుట్లో ఏమీ ఉండదు. ఉమ నా వైపు చూసి, లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఫోను. "ఆదివారం వస్తున్నాం. టీసీ అప్లికేషను కృష్ణ రాసి ఉంచాడు, సంతకం పెడితే చాలు. పిల్ల బట్టలు సర్దిపెట్టమ్మా," అన్నారు భ్రమరాంబ గారు. సర్దిపెట్టమ్మా అన్నప్పుడు గొంతు మెత్తగానే ఉంది.

ఆదివారం పదిన్నరకి కారు వచ్చింది. నేను పొద్దున్నే లేచి లౌజు చేసి ఉంచాను. మా ఆయన లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నారు, సంతకానికి. అనంతకృష్ణ కాగితం బల్ల మీద పరిచాడు. పదహారేళ్లలో నేనెన్ని టీసీలు రాశానో లెక్క లేదు. 'బదిలీకి కారణం' అన్న గడి చూశాను. ఖాళీగా వదిలేశాడు.

"ఏం రాయమంటావక్కయ్యా?" అన్నాడు నన్ను, మర్యాదగానే.

నేను వంటింట్లోకి వెళ్లి పళ్లెం తెచ్చాను. మా అత్తగారు లేచి చెయ్యి చాపారు, ఫొటో దగ్గరికి తీసుకెళ్లడానికి. నేనివ్వలేదు. ఆ నిమిషంలో నేనేదో గొప్పగా ఆలోచించానని కాదు. పెరట్లో మూకుడు గీక్కుని తిన్న పిల్లని చూసి చూసి నాకు ఒళ్లు మండిపోయి ఉంది, అంతే.

"ఉమా, ఇలా రా," అన్నాను. వచ్చింది. ఒక ఉండ తీసి చేతిలో పెట్టాను. "తిను. ఇంకా ఎవరికీ పెట్టలేదు."

"అమ్మాయ్! ముందు పెద్దావిడకి," అన్నారు అత్తగారు.

"ముందు పిల్లకండీ."

భ్రమరాంబ గారు కుర్చీలోంచి లేచారు. మొహం ఎర్రబడింది. "నేనిక్కడ కూర్చుని ఉండగానే నా కూతుర్ని అవతలకి నెట్టేశావా అమ్మా? నా ఎదురుగానే ఇలా ఉంటే నేను లేనప్పుడు ఎలా ఉందో! పోనీలే, ఏదో మంచిగా చూస్తోంది కదా అని ఇన్నాళ్లూ... కృష్ణా, సంతకం పెట్టించు. బయల్దేరదాం."

అనంతకృష్ణ పెన్ను మూత తీశాడు. మా ఆయన అలవాటుగా తలూపారు. ఆ తల మీద ఒక్కటి మొట్టాలనిపించింది. నోరు విప్పితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ ఒట్టు పెట్టాను. పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"పిన్నిని ఏమీ అనకు," అంది ఉమ.

ఆ పిల్ల నన్ను ఏదో ఒక వరస పెట్టి అనడం ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. ఉండ గుప్పిట్లో నలిగిపోతోంది.

"నాకు ముందు పెడితేనే తింటాను అమ్మమ్మా. అమ్మకి పెట్టింది నేను తినకూడదు. తింటే అమ్మకి అందదు. మాసికం రోజున నేను అప్పం కొరికేశాను, అందుకే కాకి రాలేదు. పిన్నికి తెలుసు. చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించాను." ఒక్క గుక్కలో అనేసి, ఎవరైనా కొడతారేమోనన్నట్టు కళ్లు మూసుకుంది.

"అందదని నీకెవరు చెప్పారే?" అన్నారు భ్రమరాంబ గారు.

ఉమ కళ్లు తెరిచి నానమ్మ వైపు చూసింది.

"నేనా?" అన్నారు మా అత్తగారు. "నేనెప్పుడన్నానే తల్లీ?" ఆవిడ చూపు ఫొటో మీదికి పోయింది. "మడిలో ఉన్నాను. భోక్తలు రాలేదింకా. ముట్టుకుంటుందని... ఏదో అని ఉంటాను." అంటూనే ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా కిందనే కూర్చుండిపోయారు. "అన్నాను. అయ్యో, అన్నానే నేను," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మా ఆయన కూతురి వైపు చూస్తున్నారు. ఆ రోజు కాకిని పిలిచినవాళ్లలో ఆయనా ఉన్నారు.

భ్రమరాంబ గారు ఏడవలేదు. వచ్చి ఉమ ముందు నేల మీద చతికిలబడి, గుప్పిట తెరిచి చూశారు. లౌజంతా చేతికి అంటుకుని ఉంది.

"ఆ రోజు నువ్వు కొరికావా?" అన్నారు.

"కొంచెమే."

"ఎంతైతేనేం. ఆ కొరికిన ముక్కే మీ అమ్మకి అందింది. కడుపు నిండిపోయింది దానికి. ఇంక కాకితో దానికేం పని? అందుకే రాలేదు. అది తెలియక నేను ఊరికే ఏడ్చాను." ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. "నువ్వు తింటేనే దానికి అందుతుందమ్మా. ఇంకెవరు తిన్నా అందదు."

ఉమ వాళ్ల అమ్మమ్మ మొహం చూసింది. తర్వాత తలెత్తి నా వైపు తిరిగింది.

"నిజమా పిన్నీ?"

కాగితం చూడందే దేనికీ అవుననే అలవాటు నాకు లేదు. భ్రమరాంబ గారు కూడా నా వైపే చూస్తున్నారు. సొంత అమ్మమ్మే చెప్పాక కూడా పిల్ల నన్నెందుకు అడిగిందో ఆవిడకి అర్థమైందని ఆ చూపులోనే తెలిసింది.

"నిజమే," అన్నాను.

ఉమ గుప్పిట్లోది నోట్లో పెట్టుకుంది. నమిలింది. పళ్లెంలోంచి ఇంకోటి తీసుకుంది. అదీ అయ్యాక మూడోది తీసుకుంటుంటే భ్రమరాంబ గారు నా చెయ్యి ఆసరా చేసుకుని పైకి లేచారు. కొడుకు ముందున్న కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

"స్కూలు ఎప్పుడు తెరుస్తారన్నావు?" అని నన్నడిగారు.

"పన్నెండునండీ."

"పుస్తకాలూ అవీ కొన్నారా?"

"లేదండీ. ఉంటుందో వెళ్తుందో తెలియక కొనలేదు."

"ఇవాళ సాయంత్రమే వెళ్లి కొనమ్మా," అన్నారు. "పిల్లని కూడా తీసుకెళ్లు."